వానకు, వాగుకు, బోరుకు ఒకటే పద్దు

*మహేశ్వరం రాళ్ల కింద నీటిని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. శంషాబాద్ వాన హైదరాబాద్‌ను ఎలా ముంచుతుందో చరిత్ర చూపించింది. ఈ రెండు లెక్కలూ కలిపి చూడాల్సిన సమయమిది.*

1908 సెప్టెంబరు చివర్లో శంషాబాద్ వానమాపకంలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వర్షం నమోదైంది. 28వ తేదీన మూసీ హైదరాబాద్ మీద పడింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే, నగరానికి ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తేలింది. పై చెరువు నీళ్లు కింది చెరువు కట్టను కోసేశాయి, ఆ నీళ్లు దాని కిందిదాన్ని. శంషాబాద్‌లో నమోదైన అంకె మూసీ ఒడ్డున ఉన్నవాళ్లకు హెచ్చరికగా మారే ఏర్పాటు అప్పుడు లేదు.

వరద అదుపు కోసం మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. వాన నుంచి నది దాకా లెక్కను ముందే కట్టే పని మాత్రం కంప్యూటర్లు వచ్చాకే సులువైంది.

గొలుసు లెక్క

వాతావరణ మోడల్ ఎంత వాన పడుతుందో చెబుతుంది. నేల ఎంత పీలుస్తుంది, ఎంత పారుతుంది అన్నది ఇంకో మోడల్ పని. చెరువు ఎప్పుడు అలుగు పోస్తుంది, నది ఏ మట్టానికి వస్తుంది, భూగర్భ జలం ఎంత పైకి లేస్తుంది అన్నవి మరికొన్ని చెబుతాయి. ఒకదాని జవాబును మరొకదానికి అందిస్తూ అన్నిటినీ కలిపి నడిపితే దాన్ని కపుల్డ్ మోడల్ అంటారు. ఎంత గొప్ప మోడలైనా, మధ్యలో ఒక్క కొలత లేకపోతే చివరి జవాబు తప్పుతుంది.

మహేశ్వరంలో దొరికిన అంకె

ఆ కొలతలు ఎలా సంపాదించాలో శంషాబాద్ పక్కనే ఉన్న మహేశ్వరం చూపించింది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం శాస్త్రవేత్తలు కలిసి ఇక్కడ 53 చదరపు కిలోమీటర్ల వాటర్‌షెడ్‌ను ఏళ్ల తరబడి పరిశీలించారు. అంతా గ్రానైట్ నేల. వాడకంలో ఉన్న బోర్లే 700కు పైగా. ఎండాకాలంలో వాన ఉండదు కాబట్టి, తోడిన నీటిని, పడిపోయిన మట్టాన్ని పక్కపక్కన పెట్టి రాయిలో ఎంత నీరు పడుతుందో కనిపెట్టారు. వానాకాలంలో మట్టం ఎంత లేచిందో చూసి, ఎంత నీరు ఇంకిందో రాబట్టారు.

వచ్చిన జవాబు ప్రతి రైతూ తెలుసుకోవాల్సింది. బోరు మట్టం ఊగే ఆ పొరలో నీళ్లకున్న జాగా సుమారు 1.4 శాతమే. మట్టం మీటరు లేచిందంటే చేరింది 14 మిల్లీమీటర్ల నీరు. ఎకరాకు సుమారు 57 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండుకు పైగా. అందుకే ఇక్కడ బోర్లు ఒక మంచి వానకే లేచి, ఒక యాసంగికే అడుగంటుతాయి. వరికి పెట్టిన నీటిలో దాదాపు సగం మళ్లీ భూమిలోకే ఇంకుతుందని కూడా ఇక్కడే తేలింది. తుమ్మలూరు ఊటచెరువు మీద జరిగిన పరిశోధన, చెరువుకు చేరిన నీటిలో సగానికి పైగా నేలలోకి దిగుతుందని చూపించింది. ఈ లెక్కలతో తయారైన మోడల్‌ను, పంటలు మారితే రేపు నీటిమట్టం ఎలా ఉంటుందని అడగవచ్చు.

గడువు గంటలే

ఇక వరద సంగతి. భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల హెచ్చరికలు ఉన్నాయి. 2022 జులైలో నది 71.3 అడుగులకు చేరినప్పుడు జనాన్ని ముందే తరలించగలిగారంటే, ఎగువ నుంచి నీరు రావడానికి పట్టే సమయమే కారణం. శంషాబాద్ వైపు ఆ వెసులుబాటు లేదు. 2020 అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్ అప్పచెరువు కట్ట తెగి, నీళ్లు బెంగళూరు హైవే మీదికి దూకాయి. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. 1908లో జరిగిందే, చిన్న స్థాయిలో మళ్లీ జరిగింది.

నేడు తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వానను అప్పటికప్పుడు చెబుతున్నాయి. హిమాయత్‌సాగర్ మట్టం రోజూ తెలుస్తుంది. ఈ రెండిటి మధ్యన ఉన్న ఊరి చెరువులకు కూడా మట్టం కొలిచే యంత్రాలు పెట్టాలి. చెరువులను వదిలేసిన ఏ అంచనా ఈ ప్రాంతానికి పనికిరాదు. శిఖం భూముల్లో, అంటే చెరువు గర్భంలో, కట్టే ప్రతి గోడ ఆ అంచనాను ఇంకాస్త తప్పుగా మారుస్తుంది.

యాసంగి నాట్లకు ముందే బోర్ల మట్టం అంచనా పంచాయతీ గోడ మీద కనపడాలి. భారీ వాన రాకముందే కట్ట కింది బస్తీకి ఫోన్ మోగాలి. విజ్ఞానం మన పక్క ఊళ్లోనే పుట్టింది. దాన్ని వాడుకలోకి తెమ్మని గ్రామసభలో అడగండి, మీ చెరువు కట్ట మీద కొలత పెట్టమని పట్టుబట్టండి.