మధుమేహము – రైతు పాదములు

మధుమేహము పట్టణములందు కూర్చుండి తినువారి వ్యాధియనియు, ఒడలు వంచి పాటుపడు రైతు చెంతకు రాదనియు మన పల్లెలలో పలువురు తలంచుచున్నారు. ఇది సరికాదు. భారత వైద్య పరిశోధనా మండలివారి పరిశీలన 2023లో వెలువడినది. దాని ప్రకారము మన దేశమున ఈ వ్యాధిగలవారు 10 కోట్లకు పైబడియున్నారు. అందు గ్రామవాసులును అనేకులు.

ఈ వ్యాధి తొలుత నొప్పినీయదు. ప్రమాదమంతయు నందే యున్నది. నెత్తుటిలో చక్కెర హెచ్చి ఏండ్లు గడచినకొలది పాదములలోని నరములు మొద్దుబారును. ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దు చేలలో చెప్పులు లేక నడచు రైతునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. పుండు మానదు. ఒక్కొక్కప్పుడు కాలే తీసివేయవలసివచ్చును. కాలు పోయినచో సేద్యమేమగును?

కావున 30 ఏండ్లు దాటిన స్త్రీపురుషులెల్లరు ఏటేట రక్తపరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో నిది ఉచితము. పరగడుపున డెసిలీటరు రక్తమున చక్కెర 100 మిల్లీగ్రాములలోపున్న మేలు. రెండుమార్లు పరీక్షించినను 126గాని అంతకు మించిగాని యున్నచో మధుమేహమే. నడుమనున్నవారు ఇప్పుడే మేలుకొన్నచో వ్యాధిని చాలవరకు దూరముంచవచ్చును.

పూటపూటకు తెల్లన్నమే మెండుగ తినక, దానిని తగ్గించి జొన్న, కొర్ర, సామలను, పప్పును, ఆకుకూరలను చేర్చుకొనవలెను. ఇప్పపువ్వు, తేనె అడవి సొత్తే యైనను వానియందు చక్కెర అధికము; వ్యాధిగలవారు మితము పాటింపవలెను. పసరులను నమ్మి వైద్యుడిచ్చిన మందు మానరాదు. చేనికి చెప్పులతో పోవలెను. రాత్రి దీపము వెలుగున అరికాళ్లు చూచుకొనవలెను.

ప్రతి సంఘమును విత్తనముల పంపిణీనాడే ఆరోగ్య కార్యకర్తను పిలిపించి సభ్యులకు పరీక్ష జరిపించుట యుక్తము. పైరునకు తెగులు కనబడక మునుపే జాగ్రత్తపడు రైతు, తన శరీరము విషయమున ఉపేక్ష చేయరాదు.