తన బతుకుపై తన నిర్ణయం

మానసిక ఆరోగ్య విధానం పేరిట వెలువడే పత్రాల్లో మొదట లెక్కకు వచ్చేవి ఆసుపత్రి పడకలు, వైద్యుల ఖాళీలు, మందుల సరఫరా. చికిత్స పొందుతున్న మనిషికి తన జీవితంపై నిర్ణయాధికారం మిగిలి ఉన్నదా అన్న ప్రశ్న వాటిలో చాలా ఆలస్యంగా వస్తుంది. ఆ ప్రశ్ననే పరిశోధనకు కేంద్రంగా నిలిపినవారిలో, 2024లో మరణించిన భార్గవి దావర్ స్థానం ప్రత్యేకమైనది. భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యంపై స్త్రీవాద దృష్టితో ఆమె రాసిన గ్రంథం 1999లో వెలువడింది. అదే ఏడాది పుణెలో ఆమె స్థాపించిన బాపు ట్రస్టుకు ఆమె తల్లి పేరే పెట్టారు; ఆ తల్లి మానసిక చికిత్సాలయాల నిర్బంధాన్ని స్వయంగా అనుభవించినవారు.

మనోసామాజిక వైకల్యం, అంటే మానసిక వేదన ఉన్న మనిషికి సమాజం కల్పించే అడ్డంకుల వల్ల ఏర్పడే వైకల్యం, దావర్ ఆలోచనకు ఆధారం. భారతదేశం 2007లో ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, వైకల్యం ఉన్నవారికి ఇతరులతో సమానమైన చట్టపరమైన సామర్థ్యాన్ని, అనగా తమ ఆస్తి, చికిత్స, నివాసాల విషయంలో తామే నిర్ణయించుకునే అధికారాన్ని గుర్తించింది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టివేసి ఉంచిన మానసిక రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక మరణించిన ఘోరాన్ని గుర్తు చేసుకుంటే, ఆ అధికారం లేకపోవడం ప్రాణాలకే ముప్పని తెలుస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కునిచ్చింది. అయినా సమ్మతి లేకుండా ఆసుపత్రిలో చేర్చే మార్గాన్ని అది మూసివేయలేదని దావర్ చేసిన విమర్శలో బలముంది.

ఈ చర్చ ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయిలోని సెక్టర్ 7కు దూరమైనదేమీ కాదు. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వే ఛత్తీస్‌గఢ్‌తో కలిపి 12 రాష్ట్రాలను పరిశీలించి, వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదని, వారిలో అధికులకు చికిత్స అందడం లేదని తేల్చింది. భిలాయి ఉక్కు కర్మాగారంలో పని కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు క్వార్టరు, బడి, వైద్యం అన్నీ ఉద్యోగంతోనే ముడిపడి వచ్చాయి. సెక్టర్ 9లోని ఆసుపత్రి అందుబాటులోనే ఉన్నా, తండ్రి పదవీ విరమణతో క్వార్టరు ఖాళీ చేయవలసి వస్తే, మనోసామాజిక వైకల్యం ఉన్న కొడుకో కూతురో ఎక్కడ, ఎవరి తోడుతో బతకాలన్నది ఆసుపత్రి పరిష్కరించగల సమస్య కాదు. కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోలేదనో ఎవరినీ చికిత్సాలయంలోనే ఉంచరాదని 2017 చట్టంలోని 19వ సెక్షన్ చెబుతున్నది. అలాంటివారు సమాజం మధ్యనే జీవించడానికి అవసరమైన సామూహిక నివాసాల వంటి ఏర్పాట్ల బాధ్యతను ప్రభుత్వంపైనే ఉంచింది.