మీ ఊరి కథ మీరే రాయండి

పిల్లలూ! మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారో మీకు తెలుసా? పుస్తకాలలో వెతికితే దొరకకపోవచ్చు.

రెండువందల ఏళ్ళ క్రితం కాలిన్ మెకంజీ అనే దొరకు ఇటువంటి సంగతులంటే ఎంతో ఆసక్తి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనకు కుడిభుజాలు. వారు కరణాలనూ, వృద్ధులనూ అడిగి, శాసనాలకు నకళ్ళు తీసి, గ్రామచరిత్రలు సేకరించారు. వీటినే కైఫీయతులు అంటారు. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే మరణించినా, లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు.

మీరూ ఒక నోటుపుస్తకం తీసుకోండి. అవ్వా తాతలు చెప్పినది వారి మాటల్లోనే రాయండి. చెప్పినవారి పేరు, తేదీ వేయండి. ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెండూ రాయండి. తరువాత రచ్చబండ దగ్గర అందరికీ చదివి వినిపించండి. విన్నవారు తప్పులు దిద్దుతారు, మరచినవి గుర్తుచేస్తారు.

పెద్దలతోపాటే వారి జ్ఞాపకాలూ వెళ్ళిపోతాయి. అందుకే ఈ ఆదివారమే మొదలుపెట్టండి!