నీటి విలువ ఎరిగిన గోధుమ

పంటలకు వాటిల్లే ఆపదలను ప్రాచీనులు ఈతిబాధలన్నారు. అవి ఆరు: అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొరుగురాజుల దండయాత్రలు. ఎలుకను పట్టవచ్చు, చిలుకను తోలవచ్చు. అనావృష్టికి మాత్రం కర్షకుడు ఆకాశం వంక చూడడం తప్ప మరేమీ చేయలేకపోయాడు. మేఘాన్ని రప్పించలేకపోయినా, నేలలో ఉన్న చెమ్మను పొదుపుగా వాడుకొనే మొక్కను ఎన్నుకోవడం సాధ్యమేనని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గోధుమ విషయంలో నిరూపించారు.

ఆ దేశంలో గోధుమ చాలావరకు వర్షాధారపు పంట. ఆగ్నేయ ప్రాంతం 1997 నుండి 2009 వరకు సుదీర్ఘమైన కరవును చవిచూసింది. తూర్పున కొన్ని ప్రాంతాలలో వేసవి వానలకు నేలలో నిలిచిన తేమే పైరుకు ప్రధానాధారం. దానిని మొక్క ముందే పీల్చివేస్తే, గింజ పాలుపోసుకొనే వేళకు నేల బీటలు వారుతుంది.

ఆకులలో కంటికి కనబడని పత్రరంధ్రాలుంటాయి. వాటి గుండా కార్బన్ డయాక్సైడ్ లోనికి వస్తుంది. ఆ దారినే నీరు ఆవిరై వెలుపలికి పోతుంది. తలుపు మూస్తే ఆకలి, తెరిస్తే దాహం. తక్కువ నీటితో ఎక్కువ పెరిగే మొక్క ఏదో తెలుసుకోవాలి. కాని వేలాది మొక్కలు త్రాగిన నీటిని కొలిచేదెవరు?

ఉపాయం కార్బన్‌లోనే దొరికింది. గాలిలోని కార్బన్‌లో అత్యధికభాగం తేలికైన కార్బన్-12. నూటికి సుమారు ఒక పాలు బరువైన కార్బన్-13. ఆకులోని ఎంజైము తేలికైనదానినే ఎక్కువగా ఎన్నుకుంటుంది. రంధ్రాలు విశాలంగా తెరచి ఉంటే ఈ ఎంపిక యథేచ్ఛగా సాగుతుంది. అవి సన్నగిల్లితే లోపలి నిల్వ తరిగిపోయి, బరువైనదానిని కూడా స్వీకరించక తప్పదు. గాదె నిండుగా ఉన్నవారు నూకలను ప్రక్కన పెడతారు. గాదె అడుగంటినవారు నూకలు కూడా వండుకుంటారు కదా! కనుక మొక్క నీటిని ఎంత పొదుపు చేసిందో దాని ఆకే సాక్ష్యమిస్తుంది. గ్రాహమ్ ఫార్కర్, రిచర్డ్ రిచర్డ్స్ 1984లో ఈ సంబంధాన్ని గోధుమలో చూపారు. చిటికెడు ఎండుటాకు పొడి ఉంటే పరీక్ష జరపవచ్చు.

ఈ గుణం గల 'క్వారియన్' అనే రకాన్ని 'హార్టాగ్' అనే మేలురకంతో సంకరపరచి, సంతతిని మళ్ళీ మళ్ళీ హార్టాగ్‌తోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ పొదుపరి మొక్కలను ఏరారు. అన్యజాతి జన్యువును చొప్పించలేదు. 2002లో 'డ్రైస్‌డేల్' అనే వంగడం వెలువడింది. ఆలోచనకూ విత్తనానికీ నడుమ పద్దెనిమిదేళ్ళు! వానలు బాగా తక్కువైన చోట్ల ఇటువంటి ఎంపిక పదిశాతం వరకు అధిక దిగుబడినిచ్చింది. వానలు సమృద్ధిగా కురిసిన చోట ఆ ఆధిక్యం దాదాపు కనబడలేదు. పొదుపరితనానికి కలిమిలో విలువ తక్కువ.

ఇంత కాలం పట్టడానికి గోధుమ స్వభావం కూడా కారణమే. మూడు గడ్డిజాతుల కలయికతో పుట్టిన దానిలో 42 క్రోమోజోములున్నాయి. జన్యుపదార్థం మానవునికంటే సుమారు ఐదింతలు. నీటి పొదుపు ఏ ఒక్క జన్యువు చేతిలోనూ లేదు. గోధుమ జన్యుపటం సమగ్రంగా వెలువడినది 2018లోనే.

ఇప్పుడు పరిశోధకుల దృష్టి వేరొక గుణంపై కూడా పడింది. హరిత విప్లవకాలపు పొట్టి గోధుమలలో కాండాన్ని కురచ చేసిన జన్యువులే మొలకను పైకి తెచ్చే తొడుగును కూడా కురచ చేశాయి. అందువల్ల విత్తనాన్ని లోతుగా, చెమ్మ ఉన్నచోట నాటితే మొలక పైకి రాలేదు. కాండాన్ని పొట్టిగా ఉంచుతూనే తొడుగును పొడవుగా ఎదగనిచ్చే మరొక జన్యువును నేటి రకాలలోనికి తెచ్చి, పైపొర ఎండిన పొలాలలో లోతుగా విత్తి పరీక్షిస్తున్నారు.