పైగేమ్‌లో బుల్లెట్ కర్సర్ వైపే వెళ్లాలంటే ఇలా చేయండి

పైథాన్‌లో పైగేమ్‌తో షూటింగ్ గేమ్ చేస్తున్నారా? క్లిక్ చేసిన చోటికి బుల్లెట్ వెళ్లాలంటే కర్సర్ పొజిషన్ నుంచి ప్లేయర్ పొజిషన్ తీసేయండి, దిశ వచ్చేస్తుంది. ప్లేయర్ (100, 500) దగ్గర, కర్సర్ (400, 100) దగ్గర ఉంటే తేడా 300, మైనస్ 400. పైగేమ్‌లో వై విలువ కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది కాబట్టి ఇక్కడ మైనస్ అంటే పైకి అన్నమాట.

చాలామంది ఈ తేడాను ఏ 20తోనో భాగించి స్పీడ్‌గా వాడేస్తారు. అప్పుడు కర్సర్ దూరంగా ఉంటే బుల్లెట్ దూసుకుపోతుంది, దగ్గరగా ఉంటే నత్తలా పాకుతుంది. భాగించాల్సింది దూరంతో. ఇక్కడ దూరం 500, కాబట్టి 0.6, మైనస్ 0.8 వస్తాయి. స్పీడ్ 8తో గుణిస్తే ఫ్రేమ్‌కు 4.8, మైనస్ 6.4. వెక్టార్2లోని నార్మలైజ్ ఈ భాగహారమే చేస్తుంది. కాకపోతే కర్సర్ సరిగ్గా ప్లేయర్ మీదే ఉంటే దూరం సున్నా, గేమ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ముందే చెక్ పెట్టుకోండి.

ఇంత చేసినా గురి తప్పుతోందా? స్పీడ్‌ను నేరుగా రెక్ట్‌కే కలుపుతున్నారేమో చూడండి. రెక్ట్ పూర్ణ సంఖ్యలే దాచుకుంటుంది. 104.8 అందులో 104 అవుతుంది, 493.6 కాస్తా 493. అంటే బుల్లెట్ ఫ్రేమ్‌కు 4 పక్కకి, 7 పైకి పోతుంది. కర్సర్ ఎత్తుకి చేరేసరికి దాదాపు 70 పిక్సెల్స్ ఎడమకు తేలుతుంది! ఫార్ములా ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. పొజిషన్‌ను విడిగా ఒక వెక్టార్2లో దశాంశాలతో ఉంచి, ప్రతి ఫ్రేమ్‌లో దానికే స్పీడ్ కలిపి, ఆ తర్వాత రెక్ట్‌కి ఇవ్వండి.

దిశను మాత్రం క్లిక్ చేసినప్పుడు ఒక్కసారే లెక్కించాలి. ప్రతి ఫ్రేమ్‌లో లెక్కిస్తే బుల్లెట్ కర్సర్ వెంట తిరిగే మిస్సైల్ అవుతుంది. అదీ సరదాగానే ఉంటుంది లెండి.