ఉడికిన ఉండ, వేగిన బిళ్ల

యూదుల పండుగ విందులలో పేరెన్నికగన్న వంటకములలో ‘గెఫిల్టె ఫిష్’ ఒకటి. తూర్పు ఐరోపా యూదుల ఇద్దిష్ భాషలో ఈ మాటకు ‘కూరిన చేప’ అని అర్థము. దీనిని నీటిలో ఉడికించుట సంప్రదాయము. కాని ఇంగ్లండులోని యూదులు ఇదే ముద్దను బిళ్లలుగా తట్టి నూనెలో వేయింతురు. ఉడికించిన దానికే అలవాటుపడిన వారికి ఈ వేపుడు వింతగా తోచును. కొందరికి అపచారముగా కూడ తోచును. ఒక వంటకమును ఎంతవరకు మార్చినను అది ఆ వంటకముగనే నిలుచును? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో, అది ఏ అవసరమునుబట్టి ఏర్పడినదో ముందుగా తెలిసికొనవలెను.

యూదులకు శుక్రవారము సూర్యాస్తమయము మొదలు శనివారము రాత్రి నక్షత్రములు కనబడువరకు విశ్రాంతి దినము. ఆ దినమున చేయరాని పనులను వారి ధర్మసంహితయగు మిష్నా 39 విధములుగా పేర్కొన్నది. వంట చేయుట అందొకటి. తినదగిన దానినుండి తినదగని దానిని ఏరివేయుట మరియొకటి. భోజనపంక్తిలో చేపముండ్లు ఏరుట ఈ నిషేధము క్రిందికి వచ్చునేమోయను శంక కలిగినది. చేప వడ్డించుట విశ్రాంతి దినమునకు శోభ. ముల్లు ఏరుట దోషము. ఈ చిక్కును గృహిణులు శుక్రవారముననే విడదీసిరి. ముండ్లు తీసివేసి, కండను సన్నగా కొట్టి, ఉల్లిపాయ, గ్రుడ్డు, రొట్టెపొడి కలిపి, ఆ ముద్దను మరల చేప చర్మములోనే కూరి, సన్నని సెగపై ఉడికించి ఉంచిరి. మరునాడు దానిని చల్లగానే వడ్డించిరి. ఒక చిన్న చేపను పెద్ద కుటుంబమంతకు సరిపెట్టుటకు గూడ ఈ ఉపాయము అక్కరకు వచ్చినది.

వారు వాడినవి మంచినీటి చేపలు. అందు ముఖ్యమైన కార్ప్, మన కృష్ణా గోదావరులలోని బొచ్చె, శీలావతి చేపల కుటుంబమునకు చెందినదే. కాలక్రమమున చర్మములో కూరు శ్రమను పలువురు విడిచి, ముద్దను ఉండలుగా చేసి పులుసునీటిలో ఉడికింపసాగిరి. ‘కూరిన చేప’ అను పేరు మాత్రము మిగిలినది. పోలెండు ప్రాంతమువారు దీనిలో పంచదార వేసిరి. లిథుయేనియా ప్రాంతమువారు మిరియములు వేసిరి. ఉడికించు పద్ధతిలోనే ఇన్ని మార్పులు వచ్చినవన్న సంగతిని పాఠకులు గమనింపవలెను.

ఇక నూనె సంగతి. అది వేరొక దారిని వచ్చినది. 1492లో స్పెయిను తన యూదులను వెడలగొట్టెను. 1497లో పోర్చుగల్ వారిని బలవంతముగా మతము మార్పించెను. వారి సంతతివారు కొందరు, 1656లో ఇంగ్లండు తలుపులు తిరిగి తెరువబడిన పిమ్మట లండను చేరి స్థిరపడిరి. వారు 1701లో కట్టిన బెవిస్ మార్క్స్ ప్రార్థనామందిరము నేటికిని నిలిచియున్నది. చేపముక్కలను పిండిలో, గ్రుడ్డుసొనలో ముంచి నూనెలో వేయించి, చల్లార్చి తినుట వీరి అలవాటు. ఇంగ్లీషువారి వంటింట అప్పట్లో వెన్నకు, పందికొవ్వుకు ప్రాధాన్యము. పందికొవ్వు యూదులకు నిషిద్ధము. వెన్న పాలసరుకు గనుక మాంసభోజనముతో కలియరాదు. పైగా కొవ్వు చల్లారిన గడ్డకట్టును. నూనె అట్లు గడ్డకట్టదు. చల్లని చేపకు నూనెయే తగినదగుటకు ఇదియే కారణము. 18వ శతాబ్దమున ప్రసిద్ధికెక్కిన హానా గ్లాస్ అను ఇంగ్లీషు వనిత వంటగ్రంథమున, చేపను నూనెలో వేయించి వినిగరులో నిలువచేయు ‘యూదుల పద్ధతి’ చేరినది.

ఈ లండను యూదులతో మన ప్రాంతమునకు ఒక సంబంధము కలదు. వారిలోని వర్తకులు మధ్యధరా సముద్రపు పగడములను చెన్నపట్టణమునకు పంపి, వానికి మారుగా గోలకొండ వజ్రములను కొనుచుండిరి. వారిలో కొందరు 17వ శతాబ్దపు చివర చెన్నపట్టణముననే నివసించిరి. కృష్ణాతీరమున కొల్లూరు గనులలో దొరకిన రాళ్లకు ఐరోపా బజారులలో గిరాకి తెచ్చినవారిలో వీరును ఉండిరి.

1881 తరువాత రష్యా సామ్రాజ్యమున యూదులపై దాడులు చెలరేగెను. దాడులకు, దారిద్ర్యమునకు తాళలేక 1914లోగా లక్షకు పైగా యూదులు ఇంగ్లండు చేరిరి. వారిలో పెక్కుమంది తూర్పు లండనులో కాపురముండిరి. వీరు ఉడికించిన ఉండల వంటకమును వెంట తెచ్చిరి. అచటి అంగళ్లలో సముద్రపు చేపలైన హాడక్, కాడ్ సమృద్ధిగా దొరకుచుండెను. వేపుడు చేప ఆ వీథులకు క్రొత్త కాదు. 1860 ప్రాంతమున జోసెఫ్ మాలిన్ అను యూదుడు అక్కడనే వేపుడు చేపను బంగాళాదుంప వేపుడుతో కలిపి అమ్మెనని ప్రతీతి. ఈ రెండు వాడుకలు ఒకే పేటలో కలిసినవి. ఒకరి ముద్ద, మరియొకరి మూకుడు కూడి, వేయించిన గెఫిల్టె ఫిష్ ఏర్పడినది.

చేయు విధము కష్టమైనది కాదు. ముండ్లు తీసిన చేపకండ ఒక కిలోకు పెద్ద ఉల్లిపాయ ఒకటి, గ్రుడ్లు రెండు, ఉప్పు రెండు చెంచాలు, పంచదార ఒకటి రెండు చెంచాలు, కొంచెము మిరియపుపొడి కావలెను. ముద్ద చేతికి అంటకుండునంతగా మత్సా పొడి కలుపవలెను. మత్సా అనగా పస్కా పండుగలో తిను పులియని రొట్టె. ఈ ముద్దను అరగంట నాననిచ్చి, తడిచేతితో బిళ్లలు తట్టి, అన్ని వైపుల ఎఱ్ఱబారువరకు నూనెలో వేయింపవలెను. నీటి వేడి మామూలుగా 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటదు. అందుచేత ఉడికిన ఉండ తెల్లగా, మెత్తగా నుండును. నూనె సుమారు 170 డిగ్రీలకు చేరును. ఆ వేడిలో పైపొర తడియారి, మాంసకృత్తులు చక్కెరలతో కలిసి బంగారు వన్నెను, కమ్మని వాసనను ఇచ్చును. లోపలి తడి మాత్రము నిలుచును. హార్స్‌రాడిష్ అను ఘాటైన వేరును బీట్రూటుతో నూరిన పచ్చడి దీనికి జోడు.

ఈ వేపుడు ఏ నియమమునైన మీరినదా? రెక్కలు, పొలుసులు గల చేపనే వాడిరి. ముండ్లు ముందే తీసిరి. విశ్రాంతి దినమునకు ముందుగనే వండి, చల్లగనే తినిరి. పాలు కలుపలేదు. నీటిలోనే ఉడికింపవలెనను శాసనమేదియు లేదు. అది అలవాటు మాత్రమే. అయితే నష్టము లేకపోలేదు. ముండ్లు, తలకాయ మరగిన నీరు చల్లారి పాకమువలె పేరుకొనుట, ప్రతి ఉండపై ఒక క్యారెట్ చక్రము నిలుచుట వేపుడులో ఉండవు. మరునాటికి బిళ్ల కరకర తగ్గుననుట గూడ నిజమే.

ఉడికించిన ఉండనే పట్టుకొని కూర్చున్నవారిని చాదస్తులని మేము అనజాలము. 1939లో పోలెండున ఉండిన సుమారు 33 లక్షల యూదులలో 30 లక్షలమందిని 1945లోగా నాజీలు చంపిరి. ఆ వంటిండ్లు, ఆ నదీతీరపు ఊళ్లలోని ఆ బజారులు మరల రాలేదు. చంపబడిన అవ్వ చేతివంటను ఆమె చేసినట్లే చేయవలెనను మనుమరాలికి ఆ పాకము, ఆ క్యారెట్ చక్రము అలంకారములు కావు, మిగిలిన గుర్తులు. కాని లండనులోని వేపుడు బిళ్ల సైతము ఇల్లు విడిచివచ్చినవారి గుర్తే. దొరకని చేపకు మారుగా దొరకిన చేపను, తెలిసిన ముద్దకు పొరుగువారి నూనెను చేర్చి, పిల్లలకు శనివారపు భోజనము తప్పకుండ పెట్టిన తల్లుల తెలివి అందులో కలదు.

అందుచేత ఒక వంటకము మారినదని విన్నపుడు, ఏది మారినదని మాత్రమే కాక, దేనికొరకు అది పుట్టినదో ఆ ప్రయోజనము నెరవేరుచున్నదా అని గూడ విచారింపవలెను. ముల్లు లేని చేప, పని లేని దినము, అందరు కూర్చున్న పంక్తి ఇచట ప్రయోజనములు. ఆ మూడును నిలిచినచోట ఉడికిన ఉండయు, వేగిన బిళ్లయు ఒకే ఇంటి ఆడపడుచులు.