తీరం పెరిగింది, మరి పాఠం?

ఉపాధ్యాయ దినోత్సవం సంచికకు ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. మన టీచర్లు పిల్లల కోసం సొంతంగా నడుపుకొనే వెబ్‌సైట్లలో మంచివి ఎలా దొరుకుతాయి, మంచివని ఎలా తేల్చుకోవాలి అన్నది విషయం. నెల్లూరు తీరం నుంచి మొదలుపెట్టమన్నారు, శుక్రవారానికల్లా కాపీ ఇమ్మన్నారు. అందుకే సముద్రం ఒడ్డున పిల్లలందరినీ అడిగే ఒక్క ప్రశ్న పట్టుకుని బయల్దేరాను: ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పొడవెంత?

టీచర్ల సైట్లలో జవాబులు వరసగా వచ్చి పడ్డాయి. ఒకచోట 972 కిలోమీటర్లు, ఇంకోచోట 974, మరోచోట 1,053. ఏ అంకె పక్కనా సంవత్సరం లేదు. ఎవరు కొలిచారో లేదు. దాదాపు అన్నిచోట్లా ‘దేశంలో రెండో స్థానం’ అన్న మాట మాత్రం ఉంది.

కథనమంతా ఈ అంకె చుట్టూ తిరగడానికి కారణముంది. దేశ తీరరేఖ 7,516.6 కిలోమీటర్లని మనం చదువుకున్నది 1970లలో వేసిన లెక్క. కేంద్ర హోంశాఖ 2023-24 వార్షిక నివేదికలో దాన్ని 11,098.81 కిలోమీటర్లుగా సవరించారు. మన రాష్ట్రం 973.7 నుంచి 1,053.07కు పెరిగింది. తమిళనాడు 906.9 నుంచి 1,068.69కి పెరిగి మనల్ని దాటేసింది. అంటే రాష్ట్రాల్లో గుజరాత్ తర్వాత రెండో స్థానం ఇప్పుడు తమిళనాడుది, మనది మూడోది. తరాలుగా బిట్ పేపర్లలో మార్కు తెచ్చిపెట్టిన జవాబు మారిపోయింది.

సముద్రం జరగలేదు, కొలత మారింది. పాత లెక్కకు వాడిన పటం స్కేలు 45 లక్షలకు ఒకటి. ఆ పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 45 కిలోమీటర్లు. కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరు లోపలికి చొచ్చుకొచ్చే వంపు ఆ గీతలో కనబడనే కనబడదు. కొత్త లెక్కకు రెండున్నర లక్షలకు ఒకటి స్కేలు వాడారు. ఇక్కడ ఒక సెంటీమీటరంటే రెండున్నర కిలోమీటర్లే. ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసేచోటి మెలికలు, ఉప్పుటేళ్ల నోళ్లు, ఇసుక దిబ్బల అంచులు అన్నీ పొడవులోకి వచ్చి చేరతాయి. బడి అట్లాసు మీద కావలి నుంచి కృష్ణపట్నం దాకా కుట్టు దారం పరిచి చూశాను. చిన్న పటంలో దారం దాదాపు నిటారుగా నిలిచింది. పెద్ద పటం మీద ప్రతి మొగ దగ్గరా వేలితో అదిమి తిప్పాల్సి వచ్చింది. రెండు దారాలనూ వాటి స్కేళ్లతో హెచ్చవేస్తే వచ్చిన కిలోమీటర్లు వేరువేరు. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్క పీరియడ్‌లో చేయగల పని ఇది. లెక్కలు, సోషల్ రెండూ అందులోనే ఉన్నాయి. నేను చూసిన సైట్లలో ఈ దారం పాఠం ఎక్కడా లేదు. 1,053 అని సరిగ్గా రాసినచోట కూడా, ఎందుకు పెరిగిందో చెప్పే వాక్యం లేదు.

నా వరకు గీటురాయి ఇదే. పాత అంకె ఉన్నంత మాత్రాన పేజీని కొట్టిపారేయను. ‘ఫలానా సంవత్సరపు పుస్తకం ప్రకారం 974’ అని రాసిన టీచరు, ఏ ఆధారమూ లేకుండా 1,053 అతికించిన సైటు కన్నా నాకు ఎక్కువ. తేదీ, ఆధారం, రాసినవారి పేరు, తప్పు కనిపిస్తే చెప్పడానికి ఒక దారి. ఈ నాలుగూ ఉన్న పేజీని పిల్లలకు ధైర్యంగా ఇవ్వొచ్చు. జిల్లాల పాఠంలో ఇంకో పరీక్ష చేయొచ్చు: శ్రీహరికోట ఏ జిల్లాలో ఉందని రాశారో చూడండి. 2022 ఏప్రిల్ 4 నుంచి అది తిరుపతి జిల్లా. ఇప్పటికీ నెల్లూరే అని ఉంటే ఆ పేజీని నాలుగేళ్లుగా ఎవరూ తెరిచి దిద్దలేదన్నమాట.

ఇక వెతకడం. టీచర్ల వెబ్‌సైట్లని కొడితే ముందు వచ్చేవి జీవోలు, డీఏ పట్టికలు, ఇన్‌కంట్యాక్స్ లెక్కలు, బదిలీల సీనియారిటీ జాబితాలు. అవి టీచర్లకు అవసరమైనవే, తప్పుపట్టను. కానీ అక్కడ పాఠం ఓ మూలన ఉంటుంది. దాన్ని పట్టాలంటే పాఠ్యపుస్తకంలోని పాఠం పేరు ఉన్నదున్నట్టు కొట్టి, తరగతి అంకె చేర్చి, పక్కన ‘వర్క్‌షీట్’ అనో ‘పాఠ్య పథకం’ అనో పెట్టాలి. ఒకే పీడీఎఫ్ పది సైట్లలో దొరుకుతుంది, ప్రతి సైటూ తన ముద్ర కొట్టుకుని ఉంటుంది. ఫైలు దించుకుని ప్రాపర్టీస్ తెరిస్తే చాలాసార్లు తయారైన తేదీ, కొన్నిసార్లు తయారుచేసినవారి పేరు బయటపడతాయి. రాత్రిళ్లు కూర్చుని బొమ్మలు గీసి, ప్రశ్నలు రాసిన టీచరు పేరు మొదటి పేజీలో చెరిగిపోయి ప్రాపర్టీస్‌లో మిగలడం చూస్తే నాకు కడుపు మండింది. ఆ పేరు పట్టుకుని మళ్లీ వెతికితే అసలు సైటు దొరకొచ్చు. తిప్పలు పడ్డా మంచి పాఠాలు నాకు చిక్కింది ఈ దారిలోనే.

వెబ్‌లో పాఠాల చరిత్ర నాలుగు ముక్కల్లో. 1993లో సెర్న్ వెబ్‌ను అందరికీ ఉచితం చేసింది. 1995లో శాన్‌డియాగోలో బెర్నీ డాడ్జ్, పిల్లలే వెబ్‌లో వెతికి నేర్చుకునే వెబ్‌క్వెస్ట్ పద్ధతి తెచ్చారు. అదే ఏడాది క్యాథీ ష్రాక్ టీచర్లకు పనికొచ్చే సైట్లను ఏరి జాబితా కట్టడం మొదలుపెట్టారు. మన దేశంలో ఎన్‌సీఈఆర్‌టీ వనరుల భాండాగారం 2013లో వచ్చింది. 2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి, నెల్లూరు జిల్లావాసి వెంకయ్యనాయుడు కేంద్రం వారి పాఠాల పోర్టల్ దీక్షను ప్రారంభించారు. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్ వాడకానికి దారి చూపిన మహారాష్ట్ర టీచరు రంజిత్‌సిన్హ్ డిసాలేకు 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ దక్కింది.

దీక్ష ఉండగా మళ్లీ టీచర్ల సొంత సైట్లు దేనికని అడిగేవాళ్లున్నారు. దేశమంతటికీ ఒకే వీడియో చేసేవాళ్లు మైపాడు గురించి ఎందుకు చెబుతారు? 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి ఇంట్లో తాతను అడిగి రాసుకురమ్మని ఇక్కడి టీచరే చెప్పగలరు. 2004 డిసెంబర్ 26న సునామీ నీళ్లు తమ పల్లెలో ఎంతదాకా వచ్చాయో అమ్మానాన్నలను అడిగి పటం గీయించగలరు. రొయ్యల చెరువు నీటిలో ఉప్పెంతో కొలిపించి సైన్సు చెప్పగలరు. బకింగ్‌హాం కాలువ ఇంటి వెనకే పారుతున్న పిల్లకు అది పాఠంలో పేరు మాత్రమేనా? సైట్లలో నేను వెతుక్కున్నది ఇలాంటి పేజీలనే. అవి చాలా తక్కువ. దొరికిన కొన్నింటికీ తేదీల్లేవు.

అక్షరాలున్నా దొరకని పాఠాలు
తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే వచ్చింది. అయినా మన వర్క్‌షీట్లు చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపవుతున్నాయి. కంటికి చక్కటి తెలుగే. కాపీ చేసి వేరేచోట పెడితే పిచ్చి గుర్తులు. సెర్చ్ ఇంజన్‌కూ ఆ గుర్తులే కనిపిస్తాయి కాబట్టి ఎంత మంచి పాఠమైనా వెతుకులాటలో పైకి రాదు. టీచర్లకు నా విన్నపం: ఫైలంతా మార్చడం కుదరకపోతే పాఠం పేరు, తరగతి, ఊరు ఈ మూడైనా పేజీ మీద యూనికోడ్‌లో కొట్టండి.

పచ్చ బటన్లు, పిల్లల ఫొటోలు
‘డౌన్‌లోడ్’ అని మెరిసే పెద్ద పచ్చ బటన్ చాలాచోట్ల ప్రకటనే. అసలు లింకు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పిల్లల చేతికి ఫోనిచ్చే ముందు ఆ పేజీని మీరే ఒకసారి నొక్కి చూడండి. పిల్లల ఫొటోలు, పేర్లు, మార్కులు కలిపి పెట్టిన సైట్లూ ఉన్నాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో వచ్చిన చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. పిల్లవాడు గీసిన పటం పెట్టండి, ముఖం అక్కర్లేదు.

మూతపడ్డ సైట్లు
ఎవరైనా ఉచితంగా సైటు పెట్టుకునే వీలిచ్చిన జియోసిటీస్ 2009లో పోయింది. 2020 చివర ఫ్లాష్ ఆగిపోయి, కదిలే బొమ్మల పాఠాలెన్నో నిలిచిపోయాయి. పాత చిరునామా తెలిస్తే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడండి. పేజీ ఏ ఏడాది ఎలా ఉందో, ఎప్పుడు దిద్దారో కూడా అక్కడ తెలుస్తుంది.

కాపీ పంపేముందు ఎడిటర్‌తో ఒక మాట అన్నాను, పాఠకులకూ అదే చెబుతున్నాను. 1921లో గాంధీజీ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించిన పల్లిపాడులోనే ఇప్పుడు మన జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ, డైట్ ఉంది. రేపటి టీచర్లు అక్కడ తయారవుతున్నారు. ఒక్కో ఛాత్రోపాధ్యాయుడికి ఒక్కో పాఠం అప్పగించి, దాని మీద టీచర్లు పెట్టిన పేజీలను వెతికించి, తేదీ, ఆధారం, అసలు రాసినవారి పేరు సరిచూసి జాబితా కట్టిస్తే ఏడాది తిరిగేసరికి ఈ తీరానికి తన పాఠాల పట్టిక చేతికొస్తుంది. తీరరేఖ పాఠంతో మొదలుపెట్టమని నా సలహా. దారం పాఠం రాసి పంపడానికి నేను సిద్ధం.